వేడి చేసిందని మానేసే మాత్ర

రావులపాలెంలో పదేళ్ళుగా షుగరున్న పెద్దాయన ఒకరున్నారనుకోండి. రాత్రయ్యేసరికి అరికాళ్ళు మంటలు. భీమవరంలో ఒక ఇల్లాలికి ఆర్నెల్లుగా దేనిమీదా మనసు లేదు, తెల్లవారుజామున మూడింటికే మెలకువ. ఈ ఇద్దరి చీటీలోనూ ఒకే మందు ఉండొచ్చు, అమిట్రిప్టిలిన్. ఆయనకి 10 లేదా 25 మిల్లీగ్రాములతో సరిపోవచ్చు. ఆమెకి మెల్లగా పెంచుతూ 75 దాకా, అవసరమైతే 150 దాకా తీసుకెళ్తారు. కాళ్ళ మంటకి ‘మనసు మందు’ ఇచ్చారేమిటని ఆయన కంగారుపడక్కర్లేదు. నొప్పి కబురు మోసే నరాల మీద కూడా ఇది పనిచేస్తుంది.

ట్రైసైక్లిక్‌లు అనే ఈ కుటుంబంలో మొదటిది ఇమిప్రమిన్. దిగులుతో కుంగిపోయినవాళ్ళు దీనితో తేరుకుంటున్నారని స్విట్జర్లాండ్ మానసిక వైద్యుడు రోలాండ్ కూన్ 1957లో ప్రకటించాడు. తర్వాత అమిట్రిప్టిలిన్, నార్ట్రిప్టిలిన్, క్లోమిప్రమిన్, డోసులెపిన్ వచ్చాయి. ఇవాళ దిగులుకి ముందుగా రాసేవి వేరే కొత్త మందులే అయినా, నరాల నొప్పికీ, మైగ్రేన్ రాకుండా ఆపడానికీ ఈ పాతవి వాడుతూనే ఉన్నారు. ధర తక్కువ, గుణం ఎక్కువ. డాక్టరు చెప్పిన పద్ధతిలో వాడేవాళ్ళు వీటికి భయపడనక్కర్లేదని నా నమ్మకం.

మెదడులో సెరటోనిన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాలు నరాల మధ్య ఎక్కువసేపు నిలిచేలా చేయడం వీటి పని. అయితే అక్కడితో ఆగవు. లాలాజలం ఊరించే, పేగుల్ని కదిలించే, మూత్రసంచిని ముడిచే, చెమట పట్టించే నరాలకి కూడా అడ్డుపడతాయి. అందుకే మొదటి వారంలోనే నోరు పిడచకట్టుకుపోతుంది, విరేచనం బిగుస్తుంది, మూత్రం ధార సన్నబడుతుంది. మన గోదావరి జిల్లాల్లో వీటన్నిటికీ ఒకటే మాట: వేడి చేసింది. మజ్జిగ, సబ్జా నీళ్ళు, బార్లీ జావ తాగి మాత్ర మానేస్తారు. తాగినవి మంచివే, నీళ్ళూ పీచూ ఎక్కువ తీసుకోవడం అవసరమే. మానడంతోనే వస్తుంది చిక్కు. ఈ మందు ఇబ్బందిని ముందు చూపిస్తుంది, మేలు తర్వాత చేస్తుంది. దిగులు తేలికపడడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పదో రోజున మానేసినవాళ్ళు కష్టం మాత్రమే పడి, ఫలితం చూడకుండా పోతారు.

అయితే మజ్జిగతో సరిపెట్టుకోకూడని సందర్భాలున్నాయి. మూత్రం పూర్తిగా ఆగిపోయి పొత్తికడుపు ఉబ్బితే, ముఖ్యంగా ప్రోస్టేట్ వాపున్న మగవాళ్ళకి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. కన్ను ఎర్రబడి విపరీతంగా నొప్పెట్టి చూపు మసకబారినా, గుండె దడదడలాడి కళ్ళు తిరిగి పడిపోయినా, పెద్దవాళ్ళు ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడినా అంతే. నీటికాసులు, గుండెజబ్బు, మూర్ఛ ఉన్నవాళ్ళు ఆ సంగతి మొదటే చెబితే డాక్టరు ఈసీజీ తీయించి చూస్తారు, లేదా వేరే మందు రాస్తారు.

మన ప్రాంతంలో ఎండ సంగతి విడిగా చెప్పుకోవాలి. 2015 మే నెల వడగాలులకి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఒంటిని చల్లబరిచేది చెమట. ఈ మందు దాన్ని తగ్గిస్తుంది. పైగా కోనసీమ ఉక్కలో పట్టిన చెమట ఆరదు. రాజమండ్రి ఎండలో తిరిగేవాళ్ళు, దాళ్వా కోతలకి దిగేవాళ్ళు, చేపల చెరువు గట్ల మీద పనిచేసేవాళ్ళు ఈ మాత్ర వాడుతుంటే పొద్దున్నే పని ముగించుకోవాలి, దాహం వేసేదాకా ఆగకుండా నీళ్ళు తాగాలి. ఒళ్ళు కాలిపోతూ తికమకగా ఉంటే దాన్ని మామూలు నీరసం అనుకోకండి.

వేసుకోవాల్సింది మామూలుగా రాత్రిపూట. పడుకోవడానికి గంటా రెండు గంటల ముందు వేసుకుంటే పొద్దున మత్తు తగ్గుతుంది. తెల్లారాక తల బరువుగా ఉంటే కాలవగట్టు మీద బండి తోలకండి. మంచం మీంచి ఒక్కసారిగా లేస్తే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. ముందు కూర్చుని, కాసేపాగి నిలబడాలి. ఒక రాత్రి మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు. కార్తీక మాసమనో, అయ్యప్ప మాల వేసుకున్నామనో హఠాత్తుగా ఆపితే వికారం, నిద్రలేమి, చిరాకు పట్టుకుంటాయి. మానాలంటే డాక్టరు చేత కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.

వేరే మందులతో కలిసినప్పుడు జాగ్రత్త ఇంకా పెరగాలి. మోకాళ్ళ నొప్పికి ఊళ్ళో ఇచ్చే ట్రమడాల్ దీనితో కలిస్తే ఫిట్స్ రావచ్చు. దిగులుకే రాసే ఫ్లూఓక్సెటిన్ రక్తంలో దీని స్థాయిని పెంచేస్తుంది. మొండి టీబీకి వాడే లినిజోలిడ్‌తోనూ ప్రమాదమే. జలుబు మాత్రలు, తాటికల్లు, బ్రాందీ మత్తుని మరీ ఎక్కువ చేస్తాయి. షుగరు డాక్టరు, గుండె డాక్టరు, ఊళ్ళో ఆర్‌ఎంపీ, ఎవరి దగ్గరికి వెళ్ళినా వాడుతున్న షీట్లన్నీ ఒక సంచిలో వేసుకెళ్ళడం అన్నిటికన్నా తేలిక. ‘నాకు పనిచేసింది, నువ్వూ వేసుకో వదినా’ అని పక్కింటివాళ్ళకి పంచడం మాత్రం వద్దు.

దిగులుకి మొదలుపెట్టినవాళ్ళ విషయంలో, ముఖ్యంగా పాతికేళ్ళలోపు వాళ్ళయితే, తొలి వారాల్లో ఇంట్లోవాళ్ళు కనిపెట్టి ఉండాలి. చావు మాటలు మాట్లాడినా, నిద్రే లేకుండా అమితమైన హుషారు చూపినా డాక్టరుకి వెంటనే చెప్పాలి. 14416కి ఫోన్ చేస్తే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు. 2022 అక్టోబరు నుంచి ఉన్న ఈ సేవకి డబ్బు కట్టక్కర్లేదు.

ఈ మందులో మేలు చేసే మోతాదుకీ ప్రాణం మీదికి తెచ్చే మోతాదుకీ మధ్య దూరం తక్కువ. ఒక్కసారిగా ఎక్కువ మింగితే గుండె లయ తప్పుతుంది. అందుకే నెలల తరబడి సరుకు ఇంట్లో పోగేయకుండా, కొద్దిరోజులకే తెచ్చుకుని, పిల్లలకి అందని చోట తాళం వేసి, తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉంచాలి. పొరపాటున గానీ కావాలని గానీ ఎక్కువ మింగారని తెలిస్తే, మనిషి మామూలుగా కనిపిస్తున్నా ఆగకండి. గంటల్లోనే పరిస్థితి తారుమారవుతుంది. ఉప్పునీళ్ళు తాగించి కక్కించొద్దు. 108కి ఫోన్ చేయండి. ఖాళీ షీటు కూడా వెంట తీసుకెళ్ళండి. ఏ మందో తెలిస్తే డాక్టర్లు ఈసీజీ చూసి, గుండెని కాపాడే సోడియం బైకార్బనేట్ నరానికి ఎక్కించడంలో ఆలస్యం జరగదు.