ఇంటి కంప్యూటరు – కళాశాల కంప్యూటరు

మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతముల బాలికలు పెక్కండ్రు నేడు కంప్యూటరు విద్య నభ్యసించుచున్నారు. పులివెందులలో 2006వ సంవత్సరమున ఇంజనీరింగు కళాశాలయు, ఇడుపులపాయలో 2008లో ట్రిపుల్ ఐటీయు వెలసినవి. ఉపాధ్యాయుని గృహమగుటచే మాయింట తఱచు వినబడు మాట యొకటి కలదు: "ఇంట చక్కగా నడచిన ప్రోగ్రాము కళాశాలలో నడవలేదు. నాకీ చదువు రాదు." ఇది విని చదువు మాన్పింపదలచు పెద్దలును గలరు. కారణము తెలిసిన తల్లి బిడ్డకు ధైర్యము చెప్పగలదు.

పైథాను అను భాషను గ్వీడో వాన్ రోసమ్ అను హాలెండు దేశీయుడు 1991లో లోకమున కొసగెను. మూడవ పైథాను 2008లో వచ్చెను. రెండవదాని పోషణము 2020 జనవరి 1తో నిలిచిపోయినను, పాత పుస్తకములలో నది యింకను గానవచ్చును. ఏడును రెండుచే భాగింపుమన్నచో రెండవ పైథాను 3 అనును, మూడవది 3.5 అనును. ఆజ్ఞ యొక్కటే, ఫలము వేఱు! పైథానుకు తోడుగా తెచ్చుకొను లైబ్రరీలకును ఇట్లే వేర్వేఱు వర్షన్లు గలవు. ఇంట విండోసు, కళాశాలలో లినక్సు ఉన్నచో చిక్కు మఱింత పెరుగును.

ఆవకాయ జాడీలో మాగాయ కలుపుదుమా? ఇచటను అట్లే. ఒక్కొక్క పనికి వేఱు అర యేర్పఱచు "వెన్వ్" అను సాధనము 2012 నుండి పైథానులోనే కలదు. లినక్సు తన సొంత పనులకును పైథానును వాడుకొనుచుండును గాన, దానిని కదలింపక అరలోనే పని చేసికొనుట మేలు.

అయితే విండోసులో కట్టిన అరను లినక్సునకు మోసికొనిపోయిన పనిచేయదు. జాడీని మోయనక్కఱలేదు, పాళ్లు వ్రాసిన చీటి చాలును. "పిప్ ఫ్రీజ్" అను ఆజ్ఞ లైబ్రరీల పేర్లను వర్షన్లతోగూడ తెలుపును. దానిని "రిక్వైర్‌మెంట్స్" అను పేర భద్రపఱచి, కళాశాలలో క్రొత్త అర తెఱచి, చీటి ప్రకారము నింపుకొనవలెను. పైథాను సంఖ్యను ఆ యాజ్ఞ తెలుపదు గాన వేఱుగా వ్రాసికొనవలయును.

కావున బిడ్డ దిగులుతో వచ్చినపుడు "రెండుచోట్లను ఏ వర్షను కలదో చూచితివా, అమ్మా?" అని యడుగుడు. ఆ యొక్క ప్రశ్నతో ఒక బాలిక చదువు నిలువవచ్చును.