చెడితే ఏమవుతుంది?

అమెరికా పడమటి రాష్ట్రాల్లో సాయంత్రం పూట ఒక ఆర్‌వీ క్యాంపు మైదానంలోకి వచ్చి ఆగితే, అనుభవం ఉన్న యజమాని పొయ్యి వెలిగించడానికి ముందే చక్రాల కింద చెక్కలు పెట్టుకుంటాడు. ఆర్‌వీ అంటే వంటగది, పడక, స్నానాలగది, నీళ్ళ ట్యాంకు, గ్యాసు, బ్యాటరీ అన్నీ ఇమిడిన చక్రాల ఇల్లు. కొన్నిటికి సొంత ఇంజను ఉంటుంది, కొన్నిటిని పికప్ ట్రక్కు లాక్కెళ్తుంది, వాటిని ట్రైలర్లంటారు. నేల ఎగుడుదిగుడుగా ఉంటే ఇల్లు ఒక పక్కకు ఒరుగుతుంది. నిద్ర పట్టకపోవడం అందులో చిన్న ఇబ్బంది. పెద్ద ఇబ్బంది ఫ్రిజ్‌ది. ఈ ఇళ్ళలో చాలాకాలంగా వాడుతున్న గ్యాసు ఫ్రిజ్‌కు కంప్రెసర్ ఉండదు. అమ్మోనియా కలిపిన నీటిని సన్నని మంట కాచితే ఆవిరి పైకి పోతుంది, చల్లబడి ద్రవమవుతుంది, తన బరువుతో తాను కిందికి జారుతూ చలువ పుట్టిస్తుంది. ఇల్లు బాగా ఒరిగితే ఆ ద్రవం గొట్టంలో ఏదో మూల నిలిచిపోతుంది, కింద మంట మాత్రం ఆగదు. అలాగే వాడుతూ పోతే ఫ్రిజ్ మళ్ళీ బాగుచేయడానికి వీల్లేకుండా పాడవుతుంది. దీనికి విరుగుడు కలప అడితిలోనే ఉంది. అక్కడ ‘టూ బై సిక్స్’ పేరుతో అమ్మే పలక అసలు మందం ఒకటిన్నర అంగుళం. దాన్ని పొడుగు, పొట్టి ముక్కలుగా కోసి ఒకదాని మీద ఒకటి బిగిస్తే చక్రం ఎక్కడానికి మెట్లు సిద్ధం. ట్రైలర్ ముందు గోడకు మన తాపీమేస్త్రులు వాడే రసమట్టం లాంటిది ఒకటి అడ్డంగా అంటిస్తారు. ఇంటి దగ్గర చదును నేల మీద ట్రైలర్‌ను నిలిపి, ఒక పక్క చక్రం కింద ఒక పలక పెట్టి, బుడగ ఎక్కడ ఆగిందో అక్కడ గీత గీసి ‘1’ అని రాస్తారు. ఇంకో పలక, ఇంకో గీత, ‘2’. రెండో పక్క కూడా అంతే. ఆ తర్వాత ఏ అడవిలో, ఎంత చీకట్లో ఆగినా టార్చి వేసి బుడగను చూస్తే చాలు, ఏ పక్కకు ఎన్ని పలకలు కావాలో తెలిసిపోతుంది.

సొంతంగా చేసుకున్న పరికరాన్ని చూసి అది ఎంత తెలివైనదో, ఎంత చవకో లెక్కవేయడం మనకు అలవాటు. చక్రాల ఇంట్లో అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇది చెడితే ఏమవుతుంది? పలక పగిలితే ఇల్లు ఒకటిన్నర అంగుళం కుంగుతుంది, చప్పుడు వినిపిస్తుంది, పగులు కంటికి కనిపిస్తుంది, పక్క ఊళ్ళో ఇంకో పలక దొరుకుతుంది. ఇలా నెమ్మదిగా, కంటికి కనబడేలా, సరిదిద్దుకునే వీలుతో చెడిపోయే ప్రతి పనినీ సొంత చేతులతో చేసుకోవచ్చని, చేసుకోవాలని కూడా నా వాదన. ఒక్కసారిగా, చడీచప్పుడు లేకుండా, మనుషులు నిద్రలో ఉండగా చెడిపోయేవాటి జోలికి ఎంత నేర్పు ఉన్నా పోకూడదు. ఈ రెంటి మధ్య గీత ఎక్కడుందో తెలియడమే ఈ విద్యలో అసలు నేర్పు.

ఈ సంచార జీవితం పుట్టిందే పెరటి షెడ్లలో. 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో కూడిన తొలి కారు సంచారులు తమను తాము టిన్ క్యాన్ టూరిస్టులని పిలుచుకున్నారు. కారు రేడియేటర్ మూతకు అతికించిన ఖాళీ రేకుడబ్బా వాళ్ళ గుర్తు. ఇవాళ వెండి గుండులా మెరిసే ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్‌ను చూసి ఇది ఏ విమానాల కంపెనీదో అనుకుంటాం. దాన్ని స్థాపించిన వాలీ బయామ్ మొదట్లో, ట్రైలర్ ఎవరికి వారు తయారుచేసుకునే నమూనా చిత్రాలు ఒక డాలరుకు అమ్మినవాడు. 1947లో మెకానిక్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక కన్నీటిబొట్టు ఆకారంలో ఉండే చిన్న ట్రైలర్ నమూనా ప్రచురిస్తే, దాన్ని చూసి ఇంటి దగ్గర కట్టుకున్నవాళ్ళున్నారు. వీటన్నిటికంటే నాకు ముచ్చటగా అనిపించేది జాన్ స్టైన్‌బెక్ బట్టల బకెట్టు. 1960లో ఆ నవలాకారుడు తన కుక్క చార్లీతో, రోసినాంటే అని పేరు పెట్టుకున్న ట్రక్కు ఇంట్లో దేశం చుట్టాడు. మూత ఉన్న చెత్తబుట్ట ఒకటి కొని, సాగే రబ్బరు తాడుతో అల్మరా కడ్డీకి వేలాడదీసి, అందులో మాసిన బట్టలు, వేణ్ణీళ్ళు, సబ్బు వేసి బండి నడిపాడు. దారి కుదుపులే బట్టలు ఉతికిపెట్టాయి. కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు, ఎలాగూ చేస్తున్న ప్రయాణమే పని చేస్తుంది. తాడు తెగితే నేల తడుస్తుంది, అంతకు మించి నష్టం లేదు. ఆ ట్రక్కు కాలిఫోర్నియాలోని సలీనాస్‌లో ఆయన పేరిట ఉన్న కేంద్రంలో ఇప్పటికీ ఉంది.

అన్నీ బజార్లో దొరుకుతుంటే ఈ తంటాలు ఎందుకని అడిగేవాళ్ళుంటారు. మాట నిజమే, పసుపు ప్లాస్టిక్ మెట్ల దగ్గర్నుంచి మడత బకెట్ల దాకా అన్నీ అమ్ముతున్నారు. ఇల్లు కొన్న సొమ్ముతో పోలిస్తే వాటి ఖరీదు లెక్కలోకి రాదు కూడా. కానీ కంపెనీ దేశమంతటికీ ఒకే వస్తువు చేస్తుంది, బండి మాత్రం ఏదో ఒక చోటే ఆగుతుంది. బకెట్ కూలర్‌నే తీసుకోండి. 5 గ్యాలన్ల ప్లాస్టిక్ బకెట్‌కు చుట్టూ రంధ్రాలు పెట్టి, లోపల గడ్డి పట్టీ తొడిగి, దాన్ని తడపడానికి చిన్న పంపు, పైన బ్యాటరీతో నడిచే ఫ్యాను అమర్చుతారు. అరిజోనా ఎడారిలో మిట్టమధ్యాహ్నం పొడిగాలిని అది పది డిగ్రీలకు పైగా చల్లబరచగలదు. అదే బకెట్టు ఫ్లోరిడా తీరంలో ఉక్కపోతను ఇంకాస్త పెంచుతుంది. ఎండాకాలంలో హైదరాబాద్‌లో కూలర్ పెట్టుకుని హాయిగా నిద్రపోయి, విశాఖలో చుట్టాలింటికి వెళ్ళి అదే కూలర్ ముందు చెమటలు కక్కినవాళ్ళకు దీన్ని వివరించి చెప్పనక్కర్లేదు. వట్టివేళ్ళ తడక మీద నీళ్ళు చల్లిన మన పెద్దవాళ్ళకు ఈ సూత్రం తెలుసు, అది ఏ ఊళ్ళో పనికొస్తుందో కూడా తెలుసు. పరికరాన్ని సొంతంగా చేసుకున్న మనిషి దాని సూత్రాన్ని చేతితో తెలుసుకుంటాడు, అందుకే అది ఎక్కడ పనికిరాదో కూడా అతనికి అర్థమవుతుంది. డబ్బా విప్పి వాడుకునేవాడికి ఆ సంగతి చెప్పేవాళ్ళు లేరు.

నీళ్ళ విషయం కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే కొళాయి లేని చోట ఎన్నాళ్ళు ఉండగలమో తేల్చేది అదే. పడమటి రాష్ట్రాల్లో కేంద్ర ప్రభుత్వ భూముల్లో చాలాచోట్ల 14 రోజుల వరకు డబ్బు కట్టకుండా బండి నిలుపుకోవచ్చు. గడువు అంత ఉన్నా నీళ్ళు అన్నాళ్ళు రావు. ఒక మోస్తరు ట్రైలర్‌లో 40 గ్యాలన్లు, అంటే 150 లీటర్ల ట్యాంకు ఉంటుందనుకుందాం. అమెరికా చట్టం ప్రకారం షవర్ నిమిషానికి రెండున్నర గ్యాలన్లకు మించి వదలకూడదు. ఆ లెక్కన ఒక్క షవర్ ఆపకుండా తిప్పి ఉంచితే పదహారు నిమిషాల్లో ట్యాంకు అడుగంటుతుంది. తోటలో మొక్కలకు మందు కొట్టే చిన్న చేతిపంపు ఇక్కడే ఆదుకుంటుంది. మన పొలాల్లో అందరికీ తెలిసిన వస్తువే. మందు ముట్టని కొత్త పంపు కొని, మంచినీళ్ళు నింపి, నాలుగు సార్లు గాలి కొట్టి, సన్నని తుంపరతో గిన్నెలు కడుగుతారు, స్నానం చేస్తారు. పావు బకెట్టు నీళ్ళతో ఒక మనిషి స్నానం అయిపోతుంది. వేడినీళ్ళు వచ్చేలోపు కొళాయిలోంచి పోయే చన్నీళ్ళను ఒక జగ్గులో పట్టి కాఫీకి వాడుకోవడం ఇంకో చిట్కా. దానికి పరికరమే అక్కర్లేదు. నీళ్ళు ఎంత ఉన్నాయో కంటికి కనబడేలా చేయడం ఈ పద్ధతుల్లో ఉన్న పెద్ద లాభం. గోడ లోపలి ట్యాంకు ఎంత ఖాళీ అయిందో తెలియదు, పంపు డబ్బాలో నీళ్ళు తగ్గితే చేతికే తెలుస్తుంది.

కనబడనిదాన్ని కొలిచి చూపే పరికరం నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది. ఎద్దుబండికి బస్తాలు ఎక్కించేవాడు ముందుబరువు, వెనకబరువు చూసుకున్నట్టే ట్రైలర్‌కూ చూసుకోవాలి. ట్రైలర్ మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం దాని ముందు కొక్కెం మీద పడాలి. తగ్గితే వేగంగా వెళ్ళేటప్పుడు ట్రైలర్ తోక ఊపుతుంది, ట్రక్కును కూడా రోడ్డు మీదినుంచి లాగేస్తుంది. నాలుగు వేల పౌన్ల ట్రైలర్‌కు కొక్కెం మీద నాలుగు వందల నుంచి ఆరు వందల పౌన్లు ఉండాలి. ఇంట్లో ఒళ్ళు తూచుకునే మిషను అంత బరువు మోయలేదు. అందుకని ఒక దూలం ముక్క తీసుకుని, ఒక కొస కింద మిషను, రెండో కొస కింద మిషనుతో సమానమైన ఎత్తులో ఇటుకలు పెట్టి, రెంటి మీదా చిన్న గొట్టం ముక్కలు వేసి దూలాన్ని ఆనిస్తారు. గొట్టాల మధ్య దూరం మూడు అడుగులు. చక్రాలు కదలకుండా కట్టెలు అడ్డుపెట్టి, ఇటుకల వైపు గొట్టానికి ఒక అడుగు, మిషను వైపు గొట్టానికి రెండు అడుగులు ఉండే చోట కొక్కేన్ని దించుతారు. అప్పుడు మిషను మీద పడేది మూడో వంతు బరువే. ఖాళీ దూలానికి చూపిన అంకెను తీసేసి మిగిలినదాన్ని మూడుతో హెచ్చవేస్తే అసలు బరువు. అలా తీసేశాక 150 మిగిలిందంటే కొక్కెం మీద 450 పౌన్లు ఉన్నట్టు. బడిలో తులాదండం పాఠం చదివిన ఎవరైనా చేయగల పని, దాని మీద కుటుంబం ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. అయినా కొక్కేన్నే సొంతంగా వెల్డింగ్ చేసుకోవడం మాత్రం ఒప్పుకోను. బరువును తప్పుగా కొలిస్తే మళ్ళీ కొలుచుకోవచ్చు. కొక్కెం విరిగితే రెండో అవకాశం ఉండదు.

కరెంటు దగ్గర గీత ఇంకా సన్నగా ఉంటుంది. పాత కంప్యూటర్ లోంచి తీసిన 12 వోల్టుల ఫ్యానును గ్యాసు ఫ్రిజ్ వెనక గాలి గూటిలో బిగిస్తే వేడిగాలి పైకి తొందరగా పోయి ఎండల్లో ఫ్రిజ్ బాగా చల్లబడుతుంది. అలాంటి ఫ్యాను లాగేది ఒక ఆంపియర్‌లో ఐదో వంతు, రోజంతా తిరిగినా ఐదు ఆంపియర్ అవర్లు దాటదు. ఫ్యాను ఆగిపోతే ఫ్రిజ్ మునుపటిలాగే పనిచేస్తుంది. ఇంతవరకు నా ప్రశ్నకు చక్కటి జవాబు. కానీ ఆ ఫ్యాను తీగను ఫ్యూజు లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపితే జవాబు మారిపోతుంది. 12 వోల్టులు షాక్ కొట్టవు కదా అనే ధీమాతోనే ఇళ్ళు కాలతాయి. తీగ తొడుగు ఎక్కడో రేకుకు రాసుకుని చిరిగితే, బ్యాటరీ ఆ సన్నని తీగ గుండా వందల ఆంపియర్లు తోస్తుంది, తీగ ఎర్రగా కాలుతుంది, గోడ లోపల ప్లైవుడ్ అంటుకుంటుంది. బ్యాటరీకి జానెడు దూరంలో పెట్టిన చిన్న ఫ్యూజు ఆ ప్రమాదాన్ని తప్పిస్తుంది.

ఇలా మొదలుపెట్టిన మనిషి ఎక్కడ ఆగుతాడు, అసలు ఏదీ చేసుకోవద్దంటే పోలేదా అని భద్రత చూసేవాళ్ళు అడుగుతారు. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోను. నాలుగు అంగుళాల నల్ల ప్లాస్టిక్ గొట్టం ఎనిమిది అడుగులది పైకప్పు మీద బిగిస్తే సుమారు 20 లీటర్లు పడతాయి, ఎండకు కాగి సాయంత్రానికి వేణ్ణీళ్ళవుతాయి. మూతకు గాలి ఆడేలా చిన్న రంధ్రం ఉండి, నీళ్ళు వాటంతట అవి దిగితే పేచీ లేదు. ధార చాలడం లేదని దానికి సైకిల్ ట్యూబు వాల్వు బిగించి గాలి కొట్టేవాళ్ళున్నారు. మురుగునీటి కోసం చేసిన గొట్టం అది, ఒత్తిడికి చేసింది కాదు. ఎండకు మెత్తబడి, లోపల గాలి బిగిసి పగిలితే ముక్కలు ఎగిరి మీద పడతాయి. మందు పంపు కూడా ఒత్తిడితోనే పనిచేస్తుంది, కానీ దాన్ని ఆ పనికే తయారుచేశారు. రెండు కొసలకూ మగ ప్లగ్గులున్న తీగ చేసి ఇన్వర్టర్ నుంచి గోడ సాకెట్‌కు కరెంటు ఎక్కించడం ఇంకో దురలవాటు. బయటికి వచ్చిన పిన్నుల్లోనే కరెంటు ఉంటుంది. చలి రాత్రి వంటపొయ్యి వెలిగించి గది వెచ్చచేసుకోవడం అన్నిటికంటే ఘోరం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. నిద్రపోయినవాళ్ళు లేవరు. ప్రొపేన్ గాలికంటే బరువైనది, కారితే నేల మట్టాన పేరుకుంటుంది. అందుకే గ్యాసు హెచ్చరిక పరికరాన్ని నేలకు దగ్గరగా పెడతారు. దానికి అడ్డంగా పెట్టెలు సర్దితే అది ఉండీ లేనట్టే. గ్యాసు, మంటల విషయంలో ఆర్‌వీలకు అమెరికా అగ్నిభద్రతా సంఘం పెట్టిన ఎన్‌ఎఫ్‌పీఏ 1192 అనే ప్రమాణం ఉన్నది ఇందుకే. అయితే ఈ భయంతో పలకను, బకెట్టును, తూకం దూలాన్ని కూడా వద్దంటే నష్టం ఎక్కువ. ఏదీ ముట్టుకోనివాడికి బండిలో ఏది ఎక్కడుందో తెలియదు, తెలియనివాడు గ్యాసు వాసన వచ్చినప్పుడు ఏ వాల్వు మూయాలో వెతుక్కుంటాడు.

చిట్కాలన్నీ నిజం కావని కూడా ఒప్పుకోవాలి. మరుగుదొడ్డి ట్యాంకులో ఐసుముక్కలు వేసి బండి నడిపితే అవి అడుగును రాసి శుభ్రం చేస్తాయని చాలామంది నమ్ముతారు. ఐసు నీళ్ళ మీద తేలుతుంది, అడుగును రాయదు. ఆ ట్యాంకుకు కావలసింది నీళ్ళు, ఇంకా నీళ్ళు. దాని వాల్వు ఎప్పుడూ తెరిచి ఉంచితే ద్రవం కారిపోయి మిగతాది గట్టిపడి కుప్పగా నిలుస్తుంది.

వేసవిలో ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులతో ఆర్‌వీ అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్‌కు వెళ్ళే తెలుగు కుటుంబాలకు ఇందులో చాలావరకు పనికిరాదు. అద్దె బండి గోడకు మేకు కూడా కొట్టకూడదు. అయినా వాళ్ళు తెచ్చుకునే కుక్కరు ఈ లెక్కలో పై వరసలో ఉంటుంది. అక్కడి పీఠభూమి ఎత్తు సుమారు 2,400 మీటర్లు, నీళ్ళు 92 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కందిపప్పు గిన్నెలో వేసి గంటసేపు ఉడకబెట్టినా పలుకు పోదు, గ్యాసు అయిపోతుంది, ఆవిరికి కిటికీలు చెమరుస్తాయి. కుక్కరులో ఒత్తిడి వల్ల ఆ ఇబ్బంది తీరుతుంది, దాని సేఫ్టీ వాల్వును తయారుచేసినవాళ్ళు పరీక్షించే పంపారు. పొద్దున బయల్దేరేటప్పుడు పప్పును గట్టి మూత డబ్బాలో నానబోస్తే సాయంత్రం బండి ఆగే వేళకు ఒక విజిల్ తగ్గుతుంది. దోసెల పిండిని ఎండ పడే కిటికీ పక్కన, గిన్నెలో సగం దాకానే పోసి, మూత వదులుగా పెట్టి, కింద పాత తువ్వాలు పరిస్తే దారిలోనే పులుస్తుంది. కొండ మలుపుల్లో కాస్త పొంగి పొర్లినా తువ్వాలు ఉతికి తీగ మీద ఆరేసుకుంటే సరి.