చేసిన పనే చిరునామా

ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది వచ్చిందంటే హైదరాబాద్ అమీర్‌పేటలో ఒక వ్యాపారం ఊపందుకుంటుంది. అక్కడ ప్రాజెక్టులు అమ్ముతారు. టాపిక్కుల జాబితా చేతికిస్తారు. నచ్చింది ఎంచుకుని డబ్బు కడితే కోడు, రిపోర్టు, పీపీటీ, వైవాలో అడగబోయే ప్రశ్నలకు జవాబులతో సహా పెన్‌డ్రైవ్‌లో పెట్టిస్తారు. కొనే పిల్లలంతా బద్ధకస్తులేం కాదు. సొంతంగా చేద్దామంటే ఎక్కడ మొదలుపెట్టాలో చాలామందికి ఎవరూ చెప్పలేదు. ఇంట్లో కంప్యూటర్ ఉండదు, కాలేజీ ల్యాబ్‌కు సాయంత్రం కాగానే తాళం పడుతుంది, గైడ్‌కు చూడాల్సిన బ్యాచ్‌లు బోలెడు. ఎలాగో మార్కులు పడతాయి, పట్టా వస్తుంది. తీరా ఇంటర్వ్యూలో ‘మీ ప్రాజెక్టు గురించి చెప్పండి’ అనగానే నోట మాట రాదు.

ఆ డబ్బు పోసి కొన్నవాటిలో సొంతంగా, పైసా ఖర్చు లేకుండా చేసుకోలేనిది ఒక్కటీ లేదు. రాయడానికి గూగుల్ డాక్స్, లెక్కలకు షీట్స్, పైథాన్ ప్రోగ్రాములు నడపడానికి కొలాబ్, పోస్టర్లకు కాన్వా ఉన్నాయి. అన్నీ ఉచితంగా వాడుకోవచ్చు, చాలావరకు చేతిలోని ఫోన్‌లోనే పని జరిగిపోతుంది. ఈ పేర్లు మన పిల్లలు విననివి కావు. వాటితో కాలేజీ పని ఎలా చేసుకోవాలో, చేసినదాన్ని నలుగురికీ ఎలా చూపించుకోవాలో పక్కన కూర్చుని నేర్పేవాళ్లే కరువు. పైగా ఈ రెండింటినీ మనం వేర్వేరు విద్యలుగా చూస్తున్నాం. చదువుకు అసైన్‌మెంట్, ఉద్యోగానికి రెజ్యూమె అని గీత గీసేశాం. నా లెక్కలో ఆ గీత ఉండకూడదు. రెండో ఏడాదిలో శ్రద్ధగా చేసిన అసైన్‌మెంట్‌ను ఒక లింకుగా దాచుకుంటే, ఆఖరి ఏడాదిలో దాన్నే చూపించి ఉద్యోగం అడగొచ్చు.

ఎవరు ఎంత రాశారు?

నలుగురు కలిసి చేసే ప్రాజెక్టుల్లో ఒకరు కష్టపడతారు, మిగతా ముగ్గురూ పేరు పెట్టుకుంటారు. వర్డ్ ఫైలు వాట్సాప్‌లో చక్కర్లు కొడుతూ ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘ఫైనల్ కొత్తది’ అని పేర్లు మార్చుకుంటుంది. సబ్మిషన్ రోజుకి అసలుది ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. అదే రిపోర్టును డాక్స్‌లో పెట్టి నలుగురికీ ఎడిట్ చేసే వీలిస్తే ఫైలు ఒక్కటే ఉంటుంది. కంప్యూటర్‌లో దాన్ని తెరిచి, ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ నొక్కి చూడండి. కుడిపక్కన తేదీలూ వేళలూ వరసగా వస్తాయి. ఒక తేదీ మీద నొక్కితే అప్పుడు ఎవరు ఏ పేరా చేర్చారో, ఏ వాక్యం కొట్టేశారో ఒక్కొక్కరిది ఒక్కో రంగులో కనిపిస్తుంది. పొరపాటున చెరిపేసిన పేజీని కూడా అక్కడినుంచే వెనక్కి తెచ్చుకోవచ్చు.

లెక్చరర్లకు నా విన్నపం ఒకటే. ప్రింటు తీసిన కాగితాలతో పాటు ఎడిట్ చేసే వీలున్న డాక్స్ లింకు కూడా అడగండి. ముందురోజు రాత్రి ఒక్కసారిగా అతికించిన ఇరవై పేజీలకూ, నెల రోజులు కొంచెం కొంచెంగా పెరిగిన ఇరవై పేజీలకూ ఉన్న తేడా హిస్టరీలో దాదాపు దాగదు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఏది పిల్లలు రాసిందో, ఏది యంత్రం రాసిందో తేల్చుకోలేక కాలేజీలు తల పట్టుకున్నాయి. యంత్రం రాతను కనిపెట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కానీ అవి సొంతంగా రాసినవాళ్లను కూడా అనుమానించిన సందర్భాలున్నాయి. నిజాయతీగా కష్టపడిన పిల్లలకు వాటికంటే ఈ హిస్టరీయే గట్టి సాక్షి.

కోడ్ రాసేవాళ్లకు ఇదే పని గిట్‌హబ్ చేసిపెడుతుంది. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో తయారుచేసిన గిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఆధారం చేసుకుని 2008లో ఇది మొదలైంది, 2018లో మైక్రోసాఫ్ట్ చేతికి వచ్చింది. మార్పు చేసిన ప్రతిసారీ కమిట్ చేస్తూ, ఏం మార్చారో ఒక్క ముక్క రాసుకుంటూ పోవాలి. ప్రాజెక్టు మొత్తం ఒకే రోజు, ఒకే కమిట్‌లో వచ్చి పడితే చూసేవాళ్లకు సందేహం రాక మానదు. రీడ్‌మీ ఫైలు మాత్రం మన పిల్లలు ఖాళీగా వదిలేస్తుంటారు. ఈ ప్రోగ్రాం ఏం చేస్తుంది, ఎలా నడపాలి, ఇంకా ఏది సరిగ్గా పని చేయడం లేదు అన్న మూడూ అందులో ఉండాలి. మూడోది రాయడానికి భయపడకూడదు. తన ప్రోగ్రాంలో లోపం ఎక్కడుందో రాయగలిగిన కుర్రాడికి ఆ ప్రోగ్రాం నిజంగా తెలుసు.

తెలుగు ఎంఏకీ పనికొస్తాయి

ఇవన్నీ కంప్యూటర్ చదువులవాళ్లకే అనుకోవద్దు. తెలుగు ఎంఏ చదువుతూ పాత పత్రికల మీదో, ఒక రచయిత మీదో డిసర్టేషన్ రాయాల్సిన అమ్మాయి సంగతి చూద్దాం. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం, హైదరాబాద్ సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం లాంటి చోట్లకు ఇప్పటికీ వెళ్లాలి. వెళ్లి తీరాలనే చెబుతాను. అయితే బస్సెక్కే ముందే సగం పని ఇంట్లో అయిపోతుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేల సంఖ్యలో ఉన్నాయి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో దేశంలోని విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ గ్రంథాలు పూర్తిగా చదువుకోవచ్చు. తాను ఎంచుకున్న అంశం మీద ఇదివరకే ఎవరైనా పని చేశారా అన్నది మొదట చూడాల్సింది అక్కడే.

ఆర్కైవ్‌లో వెతకడానికి ఒక మెలకువ ఉంది. చాలా తెలుగు పుస్తకాల పేర్లను అక్కడ ఇంగ్లిష్ అక్షరాల్లో, ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. ‘చరిత్ర’ అన్న ఒక్క మాటనే నాలుగు రకాల స్పెల్లింగులతో రాశారు. ఒక స్పెల్లింగుతో పుస్తకం దొరక్కపోతే లేదని వదిలేయకండి. దీర్ఘాలు మార్చి, చివర ‘ము’ చేర్చి, తీసేసి, రచయిత ఇంటిపేరుతో వెతకండి. దొరికినదాని వివరాలు జొటేరోలో పెట్టుకుంటే ఉపయుక్త గ్రంథసూచి కోసం ఆఖరి వారంలో తిప్పలు పడక్కర్లేదు. అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీ నుంచి 2006లో వచ్చిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ పుస్తకం పేరు, రచయిత, ప్రచురణ సంవత్సరం దాచిపెట్టి, అడిగిన పద్ధతిలో జాబితా తయారుచేసి ఇస్తుంది. పాత తెలుగు పుస్తకాల వివరాలు చాలావరకు చేత్తోనే ఎక్కించుకోవాలి, కానీ ఆ పని ఒక్కసారే.

మరో ముఖ్యమైన సంగతి ఫాంటు. ఇప్పటికీ డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో టైపు చేయించిన డిసర్టేషన్ కాగితం మీద అందంగానే ఉంటుంది. ఆ ఫైలును ఫోన్‌లో తెరిస్తే అర్థంకాని గీతలు కనిపిస్తాయి, అందులోని ఒక్క వాక్యమూ గూగుల్‌కు దొరకదు. రెండేళ్ల కష్టం ఎవరి కంటా పడకుండా బీరువాలో ఉండిపోతుంది. అందుకే యూనికోడ్‌లోనే రాయాలి. ఫోన్‌లో జీబోర్డు తెలుగు కీబోర్డు ఉంది, వేగంగా టైపు చేయలేనివాళ్లు మాట్లాడినా అక్షరాలు పడతాయి. అందం విషయంలోనూ లోటు లేదు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన సురవరం, గిడుగు, మండలి వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. సురవరం ప్రతాపరెడ్డి, గిడుగు రామమూర్తి, మండలి వెంకట కృష్ణారావుల పేర్లతో తెలుగు అక్షరం ఇలా నిలవడం నాకెంతో ఇష్టమైన విషయం.

డిసర్టేషన్ కోసం సేకరించిన సమాచారంలో ఆధారాలున్నదాన్ని తెలుగు వికీపీడియాలో వ్యాసంగా మలిచిన అమ్మాయి ఒకేసారి రెండు పనులు చేస్తోంది. 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞాన సర్వస్వంలో ప్రతి మార్పూ, చేసినవాళ్ల వాడుకరి పేరుతో సహా పేజీ చరిత్రలో నమోదై ఉంటుంది. పత్రికల్లోనో, ప్రచురణ సంస్థల్లోనో, అనువాద సంస్థల్లోనో ఉద్యోగం అడిగేటప్పుడు ‘తెలుగు బాగా రాస్తాను’ అని చెప్పడం కంటే ఆ పేజీ చూపించడం నయం.

పాఠాల విషయానికి వస్తే, ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్ కోర్సులు స్వయం పోర్టల్‌లో ఉన్నాయి. చేరడానికి, వినడానికి రుసుము లేదు, సర్టిఫికెట్ కోసం పరీక్ష రాస్తేనే కట్టాలి. ఆ పరీక్ష కేంద్రానికి వెళ్లి నిఘా మధ్య రాసేది కాబట్టి దానికి విలువుంది. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చేయడానికి కాలేజీలు అనుమతించవచ్చు. మీ కాలేజీ అనుమతిస్తుందో లేదో ప్రిన్సిపల్‌నే అడగండి.

సొంత డబ్బా అనుకుంటే ఎలా?

గొప్పలు చెప్పుకోకూడదని మన ఇళ్లలో నేర్పుతారు. మంచి పెంపకమే అది. కానీ మొదటి తరం చదువుకుంటున్న ఇంట్లో, సిఫారసు చేసే మామయ్యో బాబాయో లేని పిల్లలు తమ గురించి తామే చెప్పుకోకపోతే ఇంకెవరు చెబుతారు? ముఖ్యంగా ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో చదివే ఆడపిల్లలు ఈ మొహమాటంతో ఎంత నష్టపోతున్నారో తలచుకుంటే బాధగా ఉంటుంది.

లింక్డిన్‌లో పేరు కింద ఒక వరస రాసుకునే చోటు ఉంటుంది. మన పిల్లల ప్రొఫైళ్లు తెరిస్తే అక్కడ ‘స్టూడెంట్’ అనో, ‘ఉద్యోగ ప్రయత్నంలో ఉన్నాను’ అనో కనిపిస్తుంది. అది చదివిన ఉద్యోగదాతకు తెలిసేది ఏమీ లేదు. ఒక బీకాం విద్యార్థిని వాళ్ల నాన్న కిరాణా కొట్టు ఖాతా పుస్తకాన్ని షీట్స్‌లోకి ఎక్కించిందనుకోండి. తేదీ, పేరు, అరువు, జమ అని నాలుగు నిలువు వరసలు. సమ్‌ఇఫ్ ఫార్ములాతో ఎవరు ఎంత బాకీయో తేల్చింది, పివట్ టేబుల్‌తో ఏ నెల అరువు ఎక్కువ పోతోందో పట్టుకుంది. అసలు మనుషుల పేర్లు తీసేసి, బదులుగా అంకెలు పెట్టి, చూడటానికి మాత్రమే వీలున్న లింకు తయారుచేసింది. ఇక ఆమె ‘చిన్న దుకాణాల బాకీల లెక్క షీట్స్‌లో కడతాను, బీకాం ఆఖరి ఏడాది’ అని రాసి ఆ లింకు జత చేయొచ్చు. ఇందులో ఒక్క ముక్క గొప్ప లేదు, ఉన్నదంతా నిజం. ఆడిటర్ ఆఫీసులో ఆమెను పిలిచి మాట్లాడటానికి ఆ ఒక్క వరస చాలు.

అన్నిటినీ ఒకచోట చేర్చుకోవడానికి సొంత వెబ్‌సైట్ ఉంటే ఇంకా మంచిది. గిట్‌హబ్ పేజెస్ దానికి డబ్బు తీసుకోదు. కోడ్ రానివాళ్లకు గూగుల్ సైట్స్ ఉంది. ఒక్క పేజీ చాలు. పేరు, చదువు, చేసిన పనుల్లో మూడు, ఒక్కోదాని కింద రెండు వాక్యాలు, మెయిల్ చిరునామా. ఇంటి అడ్రసు, పుట్టినతేదీ, ఆధార్ అక్కడ పెట్టకండి. ఫోన్ నంబరు కూడా రెజ్యూమెలో ఉంటే చాలు.

ఇంటర్న్‌షిప్ ఇస్తామంటూ ముందుగా రిజిస్ట్రేషన్ ఫీజు అడిగేవాళ్లు ఈ దారిలో తప్పకుండా ఎదురవుతారు. నాలుగు వీడియోలు చూపించి సర్టిఫికెట్ చేతిలో పెట్టేవాళ్లూ ఉంటారు. పని చేయించుకునేవాడు డబ్బివ్వాలి, తీసుకోకూడదు. పని లేని సర్టిఫికెట్లు ఎన్ని పోగేసినా ప్రొఫైల్ బరువు పెరగదు.

ఉచిత ఖాతాలకు కొన్ని షరతులూ ఉన్నాయి. గూగుల్ వ్యక్తిగత ఖాతాకు ఇచ్చే 15 జీబీలోనే మెయిళ్లు, ఫోటోలు, ఫైళ్లు అన్నీ సర్దుకోవాలి. రెండేళ్లపాటు ముట్టుకోని ఖాతాను గూగుల్ తొలగించవచ్చు. అంతకంటే ఎక్కువమంది దెబ్బతినేది కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీతో. చదువు పూర్తయ్యాక చాలా కాలేజీలు దాన్ని మూసేస్తాయి. ఆ ఐడీతో చేసిన డాక్స్, షీట్స్, కొలాబ్ ఫైళ్లు, దాంతో తెరిచిన ఇతర ఖాతాలు అన్నిటికీ దారి మూసుకుపోతుంది. ఆఖరి సెమిస్టర్ మొదట్లోనే గిట్‌హబ్, లింక్డిన్ ఖాతాలకు సొంత మెయిల్ కలపండి. గూగుల్ టేకవుట్‌లోకి వెళ్లి ఫైళ్లన్నీ దించుకుని ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. కాలేజీ ఆ దించుకునే వీలు ఆపేసి ఉంటే సిస్టమ్ అడ్మిన్‌ను కలిసి తెరిపించుకోండి. ఈ పని ఫేర్‌వెల్ హడావిడి మొదలవకముందే అయిపోవాలి.