పువ్వును చూసి పురుగును చెప్పగలమా?

1862 జనవరిలో చార్లెస్ డార్విన్‌కు ఒక పార్సిల్ వచ్చింది. అందులో మడగాస్కర్ దీవికి చెందిన తెల్లటి ఆర్కిడ్ పూలున్నాయి. పువ్వు వెనక తోకలా వేలాడే గొట్టం పొడవు దాదాపు 30 సెంటీమీటర్లు. మకరందం ఆ గొట్టం అడుగున మాత్రమే ఉంది. అంత లోతుకు అందే తొండం ఉన్న చిమ్మట మడగాస్కర్‌లో ఉండి తీరాలని డార్విన్ అదే ఏడాది తన పుస్తకంలో రాశారు. అప్పటికి అలాంటి పురుగును ఏ శాస్త్రవేత్తా చూడలేదు. 1867లో ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ ఆ అంచనాను సమర్థించారు. ముందు లెక్కల్లో, తర్వాత ఆకాశంలో దొరికిన నెప్ట్యూన్ గ్రహంతో దాన్ని పోల్చారు.

డార్విన్ 1882లో మరణించారు. ఆ చిమ్మటకు 1903లో పేరు పెట్టారు. పేరులోని 'ప్రెడిక్టా' అనే లాటిన్ మాటకు 'ముందే చెప్పినది' అని అర్థం. అది ఆ పువ్వుల మకరందం తాగుతూ పుప్పొడి మోయడాన్ని ప్రత్యక్షంగా గమనించింది మాత్రం 1992లోనే. ఒక్క అంచనా పూర్తిగా రుజువు కావడానికి 130 ఏళ్లు పట్టింది.

నేడు శాస్త్రవేత్తల ముందున్న ప్రశ్న ఇంకా పెద్దది. ఒక అడవిలోనో, పంట పొలాల మధ్యనో ఉన్న వందల మొక్కల్లో ఏ పువ్వు మీద ఏ పురుగు వాలుతుందో ముందే చెప్పగలమా? వాతావరణం మారినా, ఒక జాతి అంతరించినా, కొత్త జాతి వచ్చి చేరినా ఆ బంధాలు ఎలా మారతాయి? ఇది కేవలం కుతూహలం కాదు. ప్రపంచంలోని ప్రధాన ఆహార పంటల్లో 75 శాతానికి పైగా ఎంతో కొంత జంతువుల ద్వారా జరిగే పరాగ సంపర్కంపై ఆధారపడుతున్నాయని జీవవైవిధ్యంపై ఏర్పడిన అంతర్ ప్రభుత్వ వేదిక 2016లో తేల్చింది.

అంచనాకు ఆధారాలు ముఖ్యంగా మూడు. మొదటిది శరీర నిర్మాణం. వంగ పువ్వునే తీసుకుంటే, దాని పుప్పొడి కేసరాల కొసన ఉన్న చిన్న రంధ్రాల్లోంచే రాలాలి. అందుకు పువ్వును పట్టుకుని కండరాలతో అదిలించగల పురుగు కావాలి. తుమ్మెదలు ఆ పని చేయగలవు, మనం పెట్టెల్లో పెంచే తేనెటీగలు చేయలేవు. రెండోది కాలం. పువ్వు తెల్లవారుజామున వాడిపోతే పగటి పురుగుకు దానితో పని లేదు. మూడోది సంఖ్య. ఎక్కువగా ఉన్న పురుగు ఎక్కువగా ఉన్న పువ్వును కలిసే అవకాశం సహజంగానే ఎక్కువ.

ఈ బంధాలన్నిటినీ గీతలుగా గీస్తే ఒక వల కనిపిస్తుంది. అలాంటి 52 వలలను పరిశీలించిన ఒక అధ్యయనం 2003లో ఒక క్రమాన్ని చూపింది. కొద్ది రకాల పూలకే వెళ్లే పురుగులు సాధారణంగా అన్ని రకాల పురుగులూ వెళ్లే పూలనే ఆశ్రయిస్తాయి. అందువల్ల ఒక అరుదైన జాతి పోయినా వల వెంటనే తెగదు. అందరికీ ఆధారమైన జాతి పోతే మాత్రం దెబ్బ పెద్దది.

ఇప్పుడు ఈ లెక్కలు వేయడానికి కంప్యూటర్లకు శిక్షణ ఇస్తున్నారు. అయితే ఇక్కడ ఒక చిక్కుంది. ఒక పురుగు ఒక పువ్వు మీద వాలినట్టు నమోదు కాలేదంటే, అది నిజంగా వాలదని అర్థమా? లేక చూసేవారు ఆ సమయానికి అక్కడ లేరా? ఈ రెండింటికీ తేడా తెలియకపోతే కంప్యూటర్ తప్పే నేర్చుకుంటుంది. అందుకే పాత నమోదులకు అంత విలువ. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో కార్లిన్‌విల్ పట్టణం చుట్టూ ఏ తేనెటీగ ఏ పువ్వుకు వస్తోందో చార్లెస్ రాబర్ట్‌సన్ 19వ శతాబ్దం చివరలో ఓపిగ్గా రాసి పెట్టారు. దాదాపు 120 ఏళ్ల తర్వాత పరిశోధకులు అక్కడికే వెళ్లి 26 రకాల మొక్కలను మళ్లీ గమనించారు. ఆ పూలకు వచ్చిన తేనెటీగ జాతుల్లో సగం కనిపించలేదు. పాత బంధాల్లో దాదాపు నాలుగో వంతే మిగిలింది. పూసే కాలం, తేనెటీగ బయటికొచ్చే కాలం వేరుపడటం, అడవి ముక్కలు కావడం ఇందుకు కారణాలని 2013లో ప్రకటించారు.

సరైన అంచనా ఎంత మేలు చేస్తుందో ఆయిల్‌పామ్ చెబుతుంది. ఒకప్పుడు ఈ చెట్టుకు గాలి వల్లే పరాగ సంపర్కం జరుగుతుందని అనుకునేవారు. మలేసియా తోటల్లో కూలీలు చేత్తో పుప్పొడి చల్లేవారు. ఆ చెట్టు పుట్టిల్లయిన పశ్చిమ ఆఫ్రికాలో మగ పూగెలల మీద బతికే ఒక ముక్కు పురుగే అసలు పని చేస్తోందని పరిశోధనలో తేలింది. అది ఇతర పంటలను తినదని పరీక్షించాకే 1981లో మలేసియా తోటల్లో వదిలారు. చేతి పని అవసరం తీరిపోయింది. 1985లో ఆ పురుగును భారత్‌కూ తెచ్చారు. నేడు గోదావరి జిల్లాల తోటల్లో గెలలు నిండడం వెనక ఉన్నది ఇదే. ఈ పురుగు గుడ్లు పెట్టేది మగ పూగెలల్లోనే. ఆ సంగతి తెలియకుండా వాటిని నరికేసినా, వాటిపై మందు కొట్టినా నష్టపోయేది రైతే.

ఒక పురుగు, ఒక చెట్టు విషయంలో ఇది సాధ్యమైంది. కంది, మామిడి, పొద్దుతిరుగుడు పూలకు వచ్చే పురుగులు ఒకటీ రెండూ కావు. ఏ ఊరి పొలంలో ఏ నెలలో ఏది వస్తోందో ఏళ్ల తరబడి రాసి పెట్టేవారు ఉంటేనే వాటి గురించి నమ్మదగిన అంచనా వీలవుతుంది. రాబర్ట్‌సన్ పుస్తకాలే లేకపోతే కార్లిన్‌విల్‌లో ఏం పోయిందో ఎవరికీ తెలిసేది కాదు.