కరిగించే గోలీ కరగదు

పెద్దమందడి వైపు చెరువు చేపను కోసేవాళ్ల చేతికి ఒక జాగ్రత్త అలవాటే. ఆకుపచ్చ పిత్తపు తిత్తి పగలకుండా తీసి అవతల పారేస్తారు. పగిలిందా, కూరంతా చేదు. అట్లా పారేసిన తిత్తినే మందని ఏరి మింగేవాళ్లూ ఉన్నారు.

అపోహ: చేప పిత్తం పచ్చిగా మింగితే షుగరు, కీళ్లనొప్పులు తగ్గుతాయి.

తగ్గవు, కిడ్నీలు పోతాయి. రవ్వ, బొచ్చె వంటి చేపల పిత్తంలో సైప్రినాల్ సల్ఫేట్ అనే విషం ఉంటుంది. ఉడికించినా అది చావదు. గంటల్లో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. రెండు మూడు రోజులకు మూత్రం తగ్గిపోయి, డయాలసిస్ దాకా వెళ్లిన కేసులను మన డాక్టర్లు వైద్య పత్రికల్లో రాశారు. చేప ఎంత పెద్దదైతే ప్రమాదం అంత ఎక్కువ.

అపోహ: పిత్తాశయ రాళ్లకు డాక్టరు రాసే అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ గోలీ ఎలుగుబంటి పిత్తమే.

పేరు మాత్రమే ఎలుగుది. లాటిన్‌లో 'ఉర్సుస్' అంటే ఎలుగు. ఇప్పటి మందును ఎక్కువగా పశువుల పిత్తం నుంచి తీసిన కోలిక్ యాసిడ్‌ను ఫ్యాక్టరీలో మార్చి చేస్తారు. నల్లమల ఎలుగును పిత్తం కోసం చంపితే దక్కేది మందు కాదు, జైలు.

అపోహ: ఈ గోలీ ఏ రాయినైనా కరిగిస్తుంది.

కిడ్నీ రాయితో దీనికి సంబంధమే లేదు. పిత్తాశయంలోనూ సున్నం పట్టని, చిన్న కొలెస్ట్రాల్ రాళ్లే కరుగుతాయి, అదీ నెలల తరబడి వాడితే. ఆపాక మళ్లీ రావచ్చు.

అపోహ: గోలీ మింగలేని పిల్లలకు నూరి నీళ్లలో కలిపితే సరి.

రాళ్లను కరిగించే ఈ మందు తాను మాత్రం నీళ్లలో దాదాపు కరగదు. కడుపులోని పులుపులోనూ అంతే. చిన్నపేగుల్లో మన సొంత పిత్తం తోడైతేనే కరుగుతుంది. అన్నంతో వేసుకోమనేది అందుకే. సోడియం లవణంగా మారిస్తే నీళ్లలో కరుగుతుంది గానీ, పులుపు తగిలితే నిమ్మరసం పడ్డ పాలలా విరుగుతుంది. సియో హాంగ్ యూ అనే పరిశోధకుడు మాల్టోడెక్స్‌ట్రిన్ జతచేసి, పులుపుకూ విరగని తేట ద్రావణం తయారుచేసి, 2001లో అమెరికా పేటెంట్ పొందాడు. అయినా మందుల షాపులో దొరికేది ఎక్కువగా సస్పెన్షనే, అంటే నీళ్లలో తేలుతున్న పొడి. కుదపకుండా పోస్తే సీసా మొదట్లో పిల్లవాడికి మందు తక్కువ పడుతుంది, అడుగుకొచ్చేసరికి ఎక్కువ.