కుళాయి ఆగాకే ప్రమాదం: తాగునీటి పైపులోకి మురుగు ఎలా చేరుతుంది?

స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకుల్లో ఏళ్ల తరబడి అగ్రస్థానంలో ఉన్న నగరం ఇండోర్. 2025 డిసెంబర్ చివర్లో అక్కడి భాగీరథ్‌పురా ప్రాంతంలో కుళాయి నీళ్లు తాగినవారు వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల్లో చేరారు. పలువురు చనిపోయారు. ప్రధాన పైపు లీకైన చోట, సరిగ్గా దానిపైనే ఒక మరుగుదొడ్డి ఉన్నట్లు అధికారులు గుర్తించారు.

పైపుకు చిల్లు పడితే లోపలి నీరు బయటకు రావాలి. మరి బయటి మురుగు లోపలికి ఎలా వెళ్తుంది? దీనికి జవాబు నీటి పీడనంలో ఉంది.

ప్రెజర్ ఎక్కడి నుంచి వస్తుంది?

ట్యాంకు ఎంత పెద్దదన్నది ముఖ్యం కాదు, ఎంత ఎత్తులో ఉందన్నదే ముఖ్యం. పది మీటర్ల ఎత్తున నిలిచిన నీరు కింద ప్రతి చదరపు సెంటీమీటరుపై సుమారు ఒక కిలో బరువుతో నొక్కుతుంది. అందుకే డాబా మీద ట్యాంకు ఉన్న ఇంట్లో కింది అంతస్తు కుళాయి జోరుగా వస్తుంది, పై అంతస్తు షవర్ మాత్రం సన్నగా కారుతుంది. అక్కడ పెద్ద ట్యాంకు పెట్టినా ఫలితం ఉండదు. ట్యాంకును ఇంకా ఎత్తున పెట్టాలి, లేదా ప్రెజర్ పంపు బిగించాలి.

వీధి పైపులకూ ఇదే సూత్రం. ఒక అంతస్తు ఇళ్లకు 7 మీటర్లు, రెండంతస్తులకు 12, మూడంతస్తులకు 17 మీటర్ల ఎత్తుకు నీరు ఎక్కేంత పీడనం ఉండాలని కేంద్ర తాగునీటి మార్గదర్శకాలు చాలాకాలం పాటు చెబుతూ వచ్చాయి.

నీళ్లు ఆగితే ఏమవుతుంది?

పైపు నిండా పీడనంతో నీరున్నంత సేపూ చిల్లు వల్ల నీరు వృథా అవుతుందే తప్ప మురుగు లోపలికి రాలేదు. లోపలి ఒత్తిడే పైపుకు కాపలా. కానీ మన నగరాల్లో చాలాచోట్ల నీరు వచ్చేది రోజుకు కొన్ని గంటలే. కొన్నిచోట్ల రోజు విడిచి రోజు. సరఫరా ఆపగానే పల్లంలోని ఇళ్లు మిగిలిన నీటిని లాగేస్తాయి. పైపులో వెలితి ఏర్పడి, చుట్టుపక్కల మట్టిలో ఉన్న తడిని చిల్లుల గుండా లోపలికి పీలుస్తుంది. పక్కనే మురుగు లైను కారుతుంటే ఆ తడి మురుగే. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు మొదట వచ్చే ధార రంగు మారి ఉండటానికి ఇదొక కారణం.

కుళాయి పైపుకు నేరుగా బిగించే మోటార్లు పరిస్థితిని ఇంకా దిగజారుస్తాయి. అవి పొరుగింటి నీటితో పాటు చిల్లుల దగ్గరి మురుగునూ లాగగలవు. హైదరాబాద్ జలమండలి 2025 ఏప్రిల్‌లో ఇలాంటి మోటార్లపై ప్రత్యేక తనిఖీలు చేపట్టింది.

కర్ణాటకలోని హుబ్బళ్లి-ధార్వాడలో కొన్ని వార్డులకు 24 గంటలూ, మిగతావాటికి విడతలుగా నీరిచ్చినప్పుడు పరిశోధకులు రెండింటినీ పోల్చి చూశారు. విడతల సరఫరా నీటిలోనే మల కాలుష్యాన్ని సూచించే బ్యాక్టీరియా ఎక్కువసార్లు కనిపించింది. ఒడిశాలోని పూరీ 2021 నుంచి నగరమంతటా 24 గంటలూ, కుళాయి నుంచి నేరుగా తాగగలిగే నీటిని ఇస్తోంది.

బాత్రూం నుంచి వాసన ఎందుకు?

డ్రెయిన్ పైపులో నీటిని తోసే ప్రెజర్ ఉండదు. వాలు, గురుత్వాకర్షణే దాన్ని నడుపుతాయి. మురుగు కిందికి జారుతుంటే పైపులోని గాలి కదులుతుంది. ఆ దుర్వాయువు ఇంట్లోకి రాకుండా సింకు కింద వంపు తిరిగిన పైపు, బాత్రూం నేలలో ట్రాప్ ఉంటాయి. వాటిలో ఎప్పుడూ నిలిచి ఉండే సుమారు 50 మిల్లీమీటర్ల నీరే అడ్డుగోడ.

పై అంతస్తులో ఫ్లష్ చేసినప్పుడు కింది ట్రాప్ గుడగుడమంటే, ఆ నీటిని పైపు లాగేస్తోందని అర్థం. డాబాపైకి వెళ్లే వెంట్ పైపు లేకపోయినా, మూసుకుపోయినా ఇలా జరుగుతుంది. వాడని బాత్రూంలో ఆ నీరు ఆవిరై ఎండిపోతుంది. 2003లో హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ నివాస సముదాయంలో 300 మందికి పైగా సార్స్ సోకడానికి ఎండిపోయిన నేల ట్రాప్‌లు ఒక కారణమని అక్కడి విచారణలో తేలింది.

ఇంట్లో ఏం చేయవచ్చు?

• సరఫరా మొదలైన తర్వాత మొదటి కొన్ని నిమిషాల నీటిని తాగడానికి పట్టకూడదు. మొక్కలకు, కడగడానికి వాడుకోవచ్చు.
• మోటారును వీధి పైపుకు కాకుండా సంపుకు బిగించాలి. సంపు మూత మురుగు, వాన నీరు దిగకుండా బిగుతుగా ఉండాలి.
• వాడని బాత్రూం ట్రాప్‌లో వారానికోసారి మగ్గు నీళ్లు పోయాలి.
• నీటి రంగు, వాసన మారితే తాగడం మానేసి, పొరుగువారికి చెప్పి, వెంటనే ఫిర్యాదు చేయాలి. కాలుష్యం ఒక్క ఇంటికే పరిమితం కాదు. రంగు, వాసన లేకపోయినా నీరు కలుషితమై ఉండవచ్చు కాబట్టి, అనుమానం ఉన్నప్పుడు మరిగించిన నీరే తాగాలి.

ఇవన్నీ ఇంటివరకు తీసుకునే జాగ్రత్తలే. పాత పైపులు మార్చడం, తాగునీటి లైనును మురుగు లైనుకు దూరంగా, దానికంటే ఎత్తులో వేయడం, పైపుల్లో పీడనం తగ్గకుండా చూడడం మాత్రం నగరపాలక సంస్థలే చేయాల్సిన పనులు.