మునిగిన ఓడ మిగిల్చిన మాటలు

ఓడలు మునిగిన కథలు మనకు క్రొత్త కావు. బంగాళాఖాతపు ఒడ్డున పుట్టినవారికి తుపాను అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. ఓడల నిర్మాణానికి పేరు మోసిన కోరంగి రేవు 1839 నవంబరు ఉప్పెనలో పాడువడిన సంగతి చరిత్ర చదివిన విద్యార్థులకు తెలిసినదే. అయితే మునిగిపోతున్న ఓడలో ఆ చివరి రాత్రి ఎవరు ఎవరితో ఏమన్నారన్నది సాధారణంగా సముద్రంలోనే కలిసిపోతుంది. అలా పోకుండా మాటలు మిగిలిన సందర్భం ఒకటి ఉన్నది. అది 2015 అక్టోబరు 1వ తేదీ ఉదయం బహామా ద్వీపాల దాపున మునిగిన ‘ఎల్ ఫారో’ అనే అమెరికా సరకు ఓడ విషయం. అందులో ఉన్న 33 మందిలో ఒక్కరూ దక్కలేదు.

ఈ కాలపు పెద్ద ఓడలలో అధికారులు నిలిచి ఓడను నడిపే గది ఉంటుంది. ఆ గదిలోని సంభాషణనంతా పట్టి దాచే యంత్రం ఒకటి దాని పైభాగాన అమర్చి ఉంటుంది. ప్రమాదం జరిగిన నెలకు, అక్టోబరు 31న, 15,000 అడుగుల లోతున ఓడ శవం కనిపించినది గాని, ఆ గది మొదలంటా ఊడి వేరైపోయి ఉన్నది, యంత్రం కనబడలేదు. 2016 ఏప్రిల్‌లో మరల వెదికి దానిని కనుగొన్నారు. ఆగస్టులో పైకి తీసినారు. అందులో 26 గంటల శబ్దం నిలిచి ఉన్నది. గాలి హోరులో కలిసిపోయిన ఆ మాటలను విని వ్రాయడానికి నిపుణులకు 1,100 గంటలకు పైగా పట్టినది. సుమారు 500 పుటల ఆ ప్రతిని అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2016 డిసెంబరులో ప్రకటించినది. అందులో మనుష్యుల పేర్లు లేవు. కప్తాను, రెండవ సహాయాధికారి, మూడవ సహాయాధికారి, చుక్కాని పట్టినవాడు, ఇలా పదవులే ఉన్నాయి. చూడడానికి అచ్చంగా నాటక ప్రతిలాగే ఉంటుంది.

నౌకాశాస్త్రం నేను చదివినది కాదు. మాటలకు అర్థాలు చెప్పడమే నా వృత్తి. కాగా ఈ ఓడ మునగడంలో గాలికీ నీటికీ ఎంత పాత్ర ఉన్నదో, మనుష్యులు ఒకరితో ఒకరు మాట్లాడిన తీరుకూ అంత పాత్ర ఉన్నదని ఆ ప్రతి చూచినవారికి తోచక మానదు. అందుచేతనే ఈ నాలుగు మాటలు వ్రాయడానికి సాహసించినాను.

ముందు ఓడ సంగతి. ‘ఎల్ ఫారో’ అంటే స్పానిష్ భాషలో దీపస్తంభం. ప్రాచీన అలెగ్జాండ్రియా నగరపు దీపస్తంభం వెలసిన ఫారోస్ ద్వీపం పేరే ఆ భాషలో అలా నిలిచినది. పేరు అంతటిది, ఓడ మాత్రం ముసలిది. 1975లో కట్టినది, 790 అడుగుల పొడవు. ఫ్లోరిడా రాష్ట్రపు జాక్సన్‌విల్ రేవు నుండి ప్యూర్టోరికో ద్వీపంలోని సాన్ హువాన్ రేవుకు ఇనుప సరకు పెట్టెలనూ మోటారు బండ్లనూ చేరవేయడం దాని పని. రెండూ అమెరికా రేవులే కనుక చట్టం దృష్టిలో అది తీరవర్తకపు ఓడ. అటువంటి వర్తకానికి అమెరికాలో కట్టి, అమెరికావారు నడిపే ఓడలనే వాడవలెనని 1920 నాటి శాసనం. క్రొత్త ఓడను అక్కడ కట్టించడం బహువ్యయం. కనుక పాతవాటినే మరమ్మతు చేసి నెట్టుకొని రావడం పరిపాటి అయినది. ఓడ ఎంతవరకు నీటిలో దిగవచ్చునో తెలిపే గీత ఒకటి ప్రక్కన గీసి ఉంటుంది. నావికుల ప్రాణాల కోసం బ్రిటిష్ పార్లమెంటులో పోరాడి 1876లో శాసనం చేయించిన శామ్యూల్ ప్లిమ్సాల్ పేరనే నేటికీ దానిని పిలుస్తారు. ‘ఎల్ ఫారో’ను 2006 ప్రాంతంలో మార్చి కట్టినప్పుడు ఆ గీతను రెండడుగులకు పైగా మీదికి జరిపినారు. అంటే అంతమేర ఓడ నీటికి దగ్గరైనదన్నమాట.

2015 సెప్టెంబరు 29, మంగళవారం రాత్రి 8 గంటలు దాటినాక ఓడ రేవు విడిచినది. శుక్రవారం ఉదయానికి చేరవలెను. ‘వాకీన్’ అని పేరుపెట్టిన తుపాను అప్పటికే అట్లాంటికులో ఉన్నది గాని, ఇంకా పెనుతుపాను కాలేదు. సాన్ హువాన్ పోవడానికి దారులు రెండు. బహామా ద్వీపాలకు తూర్పుగా బయటి సముద్రం మీద నేరుగా పోవడం ఒకటి. క్యూబా వైపు ద్వీపాల చాటున చుట్టు తిరిగి పోవడం రెండవది. చుట్టుదారికి కొన్ని గంటలు ఎక్కువ. ఆగస్టులో వేరొక తుపాను వచ్చినప్పుడు ఈ కప్తానే చుట్టుదారి పట్టినాడు. ఈసారి నేరుదారినే పోతూ, తుపానుకు దక్షిణంగా తప్పించుకోవచ్చునని ఓడను కొద్దికొద్దిగా మళ్ళించినాడు. తిరుగు ప్రయాణంలో మాత్రం చుట్టుదారిన వస్తానని కంపెనీ కార్యాలయానికి జాబు పంపి అనుమతి అడిగినాడు! ఈ చిన్న సంగతిని పాఠకులు మనసులో ఉంచుకొనవలెను.

కప్తాను మూర్ఖుడు కాడు. అలాస్కా సముద్రాల తుపానులలో ఆరితేరినవాడు. ఆ తుపాను సైతం విచిత్రంగా నడిచినది. నైరృతి దిశగా జారుతూ వాతావరణ శాస్త్రజ్ఞుల లెక్కలనే తప్పించినది. అయితే ఓడకు వాతావరణ సమాచారం రెండు త్రోవల వచ్చేది. ఉపగ్రహం ద్వారా నడిపే గదిలోనే ముద్రణ అయ్యే వార్తలు ఒకటి. అవి తాజావి, కాని వట్టి అంకెలూ అక్షరాలూ. రెండవది కప్తాను కంప్యూటరుకు వచ్చే రంగురంగుల పటాలు. చూడడానికి ఇంపైనవి, కాని తయారై చేరేసరికి గంటల నాటి పాత సంగతులు. కప్తాను పటాలను నమ్మినాడు. క్రింది అధికారులు అంకెలను చదివినారు. ఒకే ఓడలో రెండు తుపానులు ఉన్నవన్నమాట: కప్తాను మనసులోని తుపాను దూరాన ఉన్నది, సముద్రం మీది తుపాను దగ్గరకు వస్తున్నది.

30వ తేదీ రాత్రి 8 గంటలకు కప్తాను తన గదికి పోయినాడు. 11 దాటిన కొద్ది నిమిషాలకు మూడవ సహాయాధికారి ఆయనకు ఫోను చేసినాడు: తుపాను మన దారి వైపే వస్తున్నదని, వీలైతే ఒకసారి చూడవలసినదని. కొంతసేపటికి లెక్క కట్టుకొని మరల చేసినాడు: తెల్లవారుజామున 4 గంటలకు తుపాను కేంద్రానికి 22 మైళ్ళ దూరంలో ఉంటామని, అంతకు ముందే దక్షిణానికి తిరిగే వీలున్నదని. కప్తాను దారి మార్చవద్దన్నాడు. అధికారి ధన్యవాదాలు చెప్పి ఫోను పెట్టివేసినాడు. ఆపైన ప్రక్కనున్న నావికునితో అసలు మాట అన్నాడు. కప్తాను మాట మీద నమ్మకమున్నదని, కాని గంటకు 100 నాటికల్ మైళ్ళ గాలికి ఇరవై మైళ్ళ దూరంలో ఉండడమన్నది వినడానికే సబబుగా లేదని ఆ మాటకు తాత్పర్యం. అర్ధరాత్రి మారి రెండవ సహాయాధికారి వచ్చినది; ఈమె స్త్రీ. తుపాను మరింత ముదిరిన వార్త ఆమె రేడియోలో విన్నది. ఒంటిగంట దాటినాక తానూ ఫోను చేసి, 2 గంటలకు నేరుగా దక్షిణానికి మళ్ళితే ఎట్లా ఉంటుందని సూచించినది. ఆమెకూ అదే జవాబు.

ఇక్కడనే నాబోటివాడు ఆగిపోతాడు. తెలుగులో నీవు, మీరు, తాము అని మెట్లు ఉన్నాయి. పెద్దలతో మాట్లాడేటప్పుడు క్రియాపదమే వంగి నమస్కరిస్తుంది. ఇంగ్లీషులో ఆ మెట్లు లేవు కనుక ఆ భాషవారు నిర్భయంగా మాట్లాడుతారని మనలో చాలామంది భ్రమ. ఈ ప్రతి చూస్తే ఆ భ్రమ పోతుంది. సర్వనామంలో లేని వంగుడు వాక్యమంతటా పరచుకొని ఉన్నది. ‘తిరగవలెను’ అనవలసినచోట ‘తిరగవచ్చునేమో’ అన్నారు. ‘రండి’ అనవలసినచోట ‘వీలైతే’ అన్నారు. అలంకార శాస్త్రంలో ధ్వని అంటాము. వాచ్యంగా చెప్పక స్ఫురింపజేయడం కావ్యానికి ప్రాణమని ఆనందవర్ధనుడు సిద్ధాంతం చేసినాడు. సహృదయుడు మేలుకొని ఉన్నంతవరకే ధ్వనికి సార్థకత. నిద్రమత్తులో ఫోను ఎత్తినవానికి వాచ్యమే కావలెను. భారవి కిరాతార్జునీయంలో ధర్మరాజు వద్దకు వచ్చిన వనేచరుడు ఈ మర్మం తెలిసినవాడు. అప్రియం చెప్పబోతున్నాను, మన్నించవలెనని ముందే విన్నవించుకొని, ఆ తరువాత శత్రువు బలాన్ని మినహాయింపు లేకుండా వర్ణిస్తాడు. వినయమంతా మొదటి వాక్యంతో అయిపోతుంది. ఎల్ ఫారోలో వినయం చివరి వాక్యం వరకు వచ్చినది. పదునైన మాట ప్రక్కనున్న నావికునికి దక్కినది గాని, దానితో పని ఉన్న కప్తానుకు దక్కలేదు.

మనుష్యులు చెప్పలేకపోయినదానిని గాలి చెప్పింది. కలకత్తాలో నౌకాప్రమాద విచారణల న్యాయస్థానానికి అధ్యక్షత వహించిన హెన్రీ పిడింగ్టన్, బంగాళాఖాతపు ఓడల దినచర్యలను పోగుచేసి, తుపాను గాలి చుట్ట చుట్టుకొన్న పామువలె తిరుగుతుందని వివరించి, 1848లో దానికి ‘సైక్లోన్’ అని పేరుపెట్టినాడు. ఈ మాట ప్రపంచానికి మన సముద్రం పెట్టిన భిక్ష. ఆ తరువాత 1857లో బైస్ బాలట్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు తేల్చిన సూత్రం నావికులందరికీ కంఠస్థం: భూమధ్యరేఖకు ఉత్తరాన గాలికి ఎదురుగా నిలిస్తే తుపాను కేంద్రం కుడిచేతి వైపున ఉంటుంది. ఆ రాత్రి ఓడ ఆగ్నేయ ముఖంగా పోతున్నది. గాలి ఎడమ ప్రక్కనుండి, అంటే ఈశాన్యం నుండి కొడుతున్నది. విద్యార్థులు ఒక కాగితం మీద గీసి చూచుకొనవచ్చును: కేంద్రం సరిగా ఓడ ముందున్నది. 4 గంటలు దాటినాక పైకి వచ్చిన కప్తాను మాత్రం తుపాను వెనుక భాగానికి చేరినామనే అనుకొంటున్నాడు. ఆ ఓడలో గాలి వేగాన్ని కొలిచే యంత్రం సరిగా పనిచేయడం లేదన్నది కూడా ఇక్కడ చెప్పవలసిన మాట.

ఆపైన జరిగినది యంత్రాల కథ, త్వరగా చెప్పవచ్చును. గాలి తాకిడికి ఓడ కుడివైపు ఒరిగినది. తెరచుకొని ఉన్న ఒక మూత గుండా మూడవ సరకు గదిలో నీరు చేరుతున్నదని 5 గంటల 43 నిమిషాలకు కబురు వచ్చినది. ఒరుగు తగ్గించడానికి కప్తాను ఓడను త్రిప్పినాడు; అది ఈసారి ఎడమకు ఒరిగినది. ఇంజనుకు కందెన నూనె పీల్చే గొట్టం మూతి కుడివైపున ఉన్నది. తొట్టిలో నూనె ఉండవలసినదానికంటె తక్కువగా ఉన్నది. ఓడ ఎడమకు ఒరగగానే నూనె అటు పోయినది, గొట్టం గాలి పీల్చినది, 6 గంటలు దాటిన కాసేపటికి ఇంజను ఆగినది. కదలలేని ఓడ తుపాను ముంగిట నిలిచినది.

7 గంటలకు కప్తాను కంపెనీ అత్యవసర నంబరుకు ఫోను చేసినాడు. ఎత్తినది ఆఫీసువారు కారు; ఫోనులు అందుకొనే ఒక సేవా కేంద్రపు ఉద్యోగిని. ఆమె తన కర్తవ్యం ప్రకారం పేరు అడిగినది, ఓడ పేరు వర్ణక్రమం అడిగినది, ఆగమన్నది. చివరికి ఒడ్డున ఉన్న అధికారి పలికినప్పుడు కప్తాను ఎంతో నిబ్బరంగా, ఎవరూ కంగారుపడడం లేదని చెబుతూ ఓడ ప్రమాదస్థితిని నివేదించినాడు. తన క్రిందివారు తనతో ఎంత మెత్తగా మాట్లాడినారో, ఆయన తన పైవారితో అంత మెత్తగానే మాట్లాడినాడు. తిరుగు దారికి అనుమతి అడిగిన జాబు ఇక్కడ జ్ఞాపకం చేసుకొనవలెను. ఆ కప్తాను కూడా ఒకరి క్రింది ఉద్యోగియే. కంపెనీలో మాత్రం ఓడ ఏ దారిన తుపానుకు ఎంత దగ్గరగా పోతున్నదో ఆ రాత్రంతా కనిపెట్టి చూచినవారు లేరు.

7 గంటల 27 నిమిషాలకు ప్రమాద గంట మ్రోగించినారు. వెంటనే ఓడను విడువవలసినదని ఆజ్ఞ అయినది. ఓడలోని ప్రాణరక్షక పడవలు రెండూ పైకప్పు లేనివి. 1986 తరువాత కట్టిన సరకు ఓడలకు మూసిన పడవలు ఉండవలెనని నియమం. ఇది పాతది కనుక వర్తించలేదు. అటువంటి గాలిలో వాటిని దింపడం అసాధ్యం. తరువాత వెదికినవారికి విరిగిన పడవ ఒకటి, రక్షణ దుస్తులలో ఉన్న ఒక మృతదేహం కనిపించినవి; ఆ దేహాన్ని కూడా తెచ్చుకోలేకపోయినారు. అక్టోబరు 7న వెదకడం ఆపినారు.

ప్రతిలోని చివరి పుటలలో ఇద్దరే మిగులుతారు: కప్తాను, చుక్కాని పట్టిన నావికుడు. గది నేల గోడవలె నిటారయినది. నావికుడు పల్లపు వైపున చిక్కుకొన్నాడు. పైకి ప్రాకి రాలేకపోతున్నాడు. తనను విడిచిపోవద్దని అరుస్తున్నాడు. కప్తాను పైవైపున, తలుపు దాపున ఉన్నాడు. బెదరవద్దని, నెమ్మదిగా ప్రాకుతూ రమ్మని, తాను విడిచిపోనని మరల మరల అంటున్నాడు. ఈ మాటలలో ‘వీలైతే’ లేదు, ‘కావచ్చునేమో’ లేదు. ఆయన పోలేదు. 7 గంటల 39 నిమిషాలకు శబ్దం ఆగిపోయినది.